బడి గేటు దగ్గర సుభాషిణి

నడుము నొప్పి తగ్గుతుందని సాయంత్రం యోగా క్లాసులో చేరింది సుభాషిణి. తీరా చూస్తే శోభారాణి టీచర్ అరగంట వంచి, లేపి, ఆ తర్వాత అందరినీ చాపల మీద కూర్చోబెట్టి వారానికొక మాట చెప్పేది. ఆ వారమంతా ఇంట్లో ఆ మాట ప్రకారం నడవాలి. సోమవారం వచ్చి ఏం జరిగిందో చెప్పాలి. పదో తరగతి మధ్యలోనే బడి మానేసిన సుభాషిణికి మళ్లీ ఎవరో హోంవర్కు ఇచ్చినంత సంబరంగా ఉండేది.

ఆ వారం మాట అపరిగ్రహం.

“అవసరానికి మించి పట్టుకోకపోవుడు,” అంది టీచర్. “ఆసనాలు ఒంటికి. ఇది లోపలికి. ఎవలు ఏం ఇడిచిపెట్టిన్రో వచ్చే సోమవారం చెప్పాలె.”

మట్టెవాడలోని ఇంటికి వస్తూనే సుభాషిణి బీరువా తెరిచింది. కూతురు హారిక పుట్టినప్పటి నుంచి వేసిన గౌన్లు, కుళ్లాయిలు, ఐదేళ్లవీ మూటగా ఉన్నాయి. మనసు గట్టి చేసుకుని మూట బయటికి లాగింది. సరిగ్గా అప్పుడే వీధిలో పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె కేక వినబడింది. గంటసేపు బేరమాడి, మూట ఇచ్చేసి, మూతతో సహా పెద్ద స్టీలు డబ్బా తెచ్చుకుంది.

అత్త మొగిలమ్మ డబ్బాను వేలితో కొట్టి చూసింది. “మీ టీచరమ్మ ఇడిచిపెట్టుడు నేర్పిందా, తెచ్చుకునుడు నేర్పిందా?”

అప్పుడు గానీ సుభాషిణికి తట్టలేదు.

సోమవారం ఈ సంగతి చెబితే క్లాసంతా పగలబడి నవ్వింది. “ఆమె నంబరు జర నాకియ్యి అక్కా, మా ఆయన పాత ప్యాంట్లు ఆరున్నయ్,” అంది పక్క చాప మీది పద్మ. టీచర్ కూడా నవ్వింది. అందరూ వెళ్లాక మాత్రం సుభాషిణిని ఆపింది.

“ఒకటి అడుగుత, ఏమనుకోకు. బడి గేటు పక్క అరుగు మీద రోజూ కూసునేది నువ్వే గద? అటు దిక్కు వచ్చినప్పుడల్లా కనపడుతానవ్.”

సుభాషిణి తల వంచుకుని, ఉన్నదంతా చెప్పింది. రెండేళ్ల వయసులో హారికకు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. ఒక్కసారే. ఇక రావని దవాఖానలో డాక్టర్ చెప్పాడు, రానూ లేదు. కానీ ఆ చిన్న ఒళ్లు కొయ్యబారిపోయిన బరువు తల్లి చేతుల్లో అలాగే ఉండిపోయింది. బడిలో వేసిన నాటి నుంచి తొమ్మిదింటికి పిల్లను లోపలికి పంపి ఒంటిగంట దాకా అక్కడే కూర్చుంటోంది. భర్త భానుచందర్ దుకాణం నుంచి ఫోన్ చేస్తే “కూరగాయలు కొంటాన” అంటోంది.

“మొన్న బడిల మేడమ్ పిలిచింది, టీచర్,” అంది సుభాషిణి. “హారిక ఎవ్వలతోని ఆడ్తలేదట. ఆటల గంటల గూడ గేటు కాడ నిలవడి నన్నే చూస్తదట. నోరిప్పి మాట్లాడదట.”

“ఎందుకు చూస్తదనుకుంటానవ్?”

“నేనంటే పాణం గద.”

“పాణమే. గని అమ్మ నాలుగు గంటలు ఎండల కావలి కూసున్నదంటే, లోపల ఏదో ఆపతి ఉన్నదనే గద పోరి సమజ్ చేసుకునేది?” టీచర్ ఆమె చెయ్యి పట్టుకుంది. “కొడితేనే హింస అనుకోకు బిడ్డా. మన భయం తీసి పిల్లల నెత్తిన పెట్టుడు గూడ అసొంటిదే. ఎప్పటిదో ఆ ఒక్క దినాన్ని నువ్వింకా పట్టుకోని ఉన్నవ్.”

“మరి ఏమన్న అయితే?”

“నీ నంబరు వాళ్ల కాడ ఉన్నది. ఇల్లు పది నిమిషాల దూరం. అయిన నాడు ఉరుకు. కానిదానికి ఇప్పటిసంది ఉరుకుడెందుకు?”

మర్నాడు గేటు దగ్గర హారిక అలవాటుగా అరుగు వైపు చూసింది. “ఆడ కూసుంటవ్ గద అమ్మా?”

“లేదు బిడ్డా. ఇంటికి పోతాన. ఒంటిగంటకు వస్త.”

పిల్ల ముఖం చిన్నబోయింది. నాకేం భయం లేదు అనబోయి సుభాషిణి ఆగింది. కిందికి వంగి, జడ సర్దుతూ మెల్లగా చెప్పింది. “నాకైతే భయమైతాంది. గని బడిల భయపడేటందుకు ఏం లేదు. అది నా భయం, నాకాడనే ఉండనీ.”

హారిక తల్లి ముఖంలోకి చూసింది. “మరి నువ్వు ఒక్కదానివే పోతవా?”

“పోత.”

“రోడ్డు జర చూసుకోని దాటు,” అని చెప్పి, లోపలికి నడిచింది.

ఇంట్లో సుభాషిణి ఊడ్చిన హాలే మళ్లీ ఊడ్చింది. ఫోన్ చార్జింగ్ నాలుగుసార్లు చూసింది. “బండలు అరుగుతయ్, కూసో,” అని మొగిలమ్మ చీపురు లాక్కుని, తాగమని చాయ్ గ్లాసు చేతిలో పెట్టింది. ఎన్నడూ లేనిది, తనూ పక్కనే కూర్చుంది.

ఒంటిగంటకు పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. హారిక మోకాలు గీరుకుపోయి ఉంది. ఎట్ల పడ్డవ్, ఎవలు తోసిన్రు, నెత్తికి తాకిందా, అన్నీ ఒక్కసారి సుభాషిణి నాలుక మీదికి వచ్చాయి. ఒక ఊపిరి పూర్తిగా వదిలింది.

“ఎవలతోని ఆడినవ్ బిడ్డా?”

“శ్రీలతతోని! నేను ఉరికితే దానికి అందలే అమ్మా. మల్ల పడ్డ. మల్ల లేసి ఉరికిన. నీకు ఎరుకేనా, దాని డబ్బాల నిమ్మకాయ పులిహోర...”

దారి పొడవునా మాటలే. ఇన్ని మాటలు ఈ పిల్ల ఎక్కడ దాచిందో. మధ్యలో చెయ్యి విడిపించుకుని, గోడ వెంట రెండడుగులు ముందు నడిచింది. సుభాషిణి పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుని, ఊకొడుతూ వెనక నడిచింది.