గాజుతీగలో అడుగులు

2025 నవంబరు పన్నెండు, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. నాగాయలంకలో దైవాధీనం గారింట్లో ఫ్యాను ఆపేశారు, ఫ్రిజ్ ప్లగ్గు తీసేశారు. రూతమ్మ బియ్యం ఏరడం మానేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రోజూ ఆ వేళకి అంతే. ఏటి కట్ట మీద కూడా అప్పుడు ఎవరూ తిరగరు.

వాళ్ళమ్మాయి గ్రేస్ ఇంజనీరు. కృష్ణ కట్టలో నాలుగు కిలోమీటర్ల పొడవున వెంట్రుకంత గాజుతీగ పాతించింది. అందులోకి వెలుతురు పంపితే, కట్టలో ఎక్కడ ఏం కదిలినా ముందుగదిలోని తెర మీద గీతగా పడుతుంది. కట్టలోకి నీరు ఊరడం మొదలైతే గండి పడకముందే తెలియాలని ఈ పాటు. ఊట చప్పుడు బహు చిన్నది. అది వినాలంటే మిగతా చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోవాలి. చివరికి వేడికి గాజు తనలో తాను వణికే వణుకు ఒక్కటే మిగలాలి. దాని కిందికి ఎంత చదివినవాళ్ళయినా వెళ్ళలేరట.

నెల కిందట గ్రేస్ ఆ వణుకు దాకా వెళ్ళేసరికి, డెబ్భై ఏడు ఉప్పెనలో పోయినవాళ్ళ అడుగులు తెర మీద పడ్డాయి. సముద్రం వైపు నుంచి వస్తూ, కట్ట మీదుగా ఎగువకి.

పక్కింటి రావమ్మ వచ్చి వాళ్ళత్త నడక చూసుకుని, "ఇప్పటికీ ఆ విసురు తగ్గలేదు చూశావా" అని వెళ్ళిపోయింది. ఉప్పెననాటికి రూతమ్మకి పన్నెండేళ్ళు. ఏ నడక ఎవరిదో ఆవిడే చెప్పేది. పెద్దవాళ్ళు ఒక అడుగు వేసేలోపు రెండు వేసేది ఆవిడ తమ్ముడు. గ్రేస్ పేర్లు రాసుకుని, ఆ నడకలన్నిటినీ చప్పుడు కింద జమకట్టి తెర మీంచి తుడిచేసేది. ఊట వినాలి కదా మరి.

ఆ బుధవారం అన్నీ తుడిచాక ఒక నడక మిగిలింది. ఎడమకాలు ఈడుస్తూ, పక్కన కర్ర పోటు.

"ఇదెవరమ్మా? జాబితాలో లేదు."

రూతమ్మ తెర వైపు చూసింది. తర్వాత అరుగు వైపు చూసింది. అక్కడ దైవాధీనం గారు కర్ర పక్కన పెట్టుకుని, ఎడమకాలు చాపుకుని, పేపరు చదువుతున్నారు.

పేపరు పంచుకోవడానికి వచ్చిన, వరసకి బావమరిదయ్యే పోతయ్య కూడా తొంగి చూశాడు. "ఏం బావా, నువ్విక్కడుంటే నీ కాళ్ళు కట్టెక్కాయి! అక్కయ్య కాఫీకి భయపడి ముందే పారిపోయినట్టున్నాయి."

ఎవరూ నవ్వలేదు. పోతయ్యే మంచినీళ్ళడిగి తాగాడు.

"ప్రభువు పిలిస్తే పలకొద్దా?" అని దైవాధీనం గారు కర్ర అందుకున్నారు. "నాలుగు కావొస్తోంది. తూము దగ్గర గేదె ఉంది, తోలుకొస్తా."

రూతమ్మ పరుగున వెళ్ళి గడప మీద అడ్డంగా కూర్చుంది. ఆవిడ అలా కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"వెళ్ళండి. నన్ను తొక్కుకుంటూ వెళ్ళండి."

"లే రూతూ. నోరులేని జీవం."

"నాకు నోరుందిగా, చెప్తున్నాగా!"

గ్రేస్ తెర ముందుకి జరిగింది. తుడిచేసిన నడకలన్నీ తిరిగి తెర మీదికి తెచ్చింది, నెల రోజులవి. అప్పుడు కనపడింది. తూము దగ్గరికి రాగానే రావమ్మ అత్త, తమ్ముడు, అందరూ కట్ట దిగి, చేల వైపు నుంచి చుట్టు తిరిగి, మళ్ళీ కట్టెక్కుతున్నారు. నెల నుంచీ రోజూ అలాగే. నాన్న నడక ఒక్కటే నేరుగా తూము మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"అమ్మా, లేవకు. నాన్నని వదలకు." గ్రేస్ ఫోను తీసి కట్ట కాపలావాళ్ళకి చేసింది. "తూము దగ్గర కట్ట లోపల డొల్లండీ. ఎవర్నీ ఎక్కనివ్వకండి. ముందే చూడాల్సింది, నాదే తప్పు..."

నాలుగు గంటల ఏడు నిమిషాలకి తూము పక్కన కట్ట ఇరవై అడుగుల మేర జారిపోయింది. గేదె ఈదుకుంటూ వచ్చి గట్టెక్కింది. కాపలావాళ్ళు ఇసక బస్తాలు అప్పటికే అక్కడికి చేర్చడంతో ఊరు మునగలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి ప్రార్థన చేసుకున్నారు. రూతమ్మ ఎప్పటికన్నా ఎక్కువసేపు మోకాళ్ళ మీదే ఉంది. తర్వాత తండ్రీ కూతుళ్ళు కట్ట జారినచోటు చూడ్డానికి వెళ్ళారు. తూముకి ఇవతల తీగ బాగానే ఉంది. రూతమ్మ తెర ముందు కూర్చుంది. గ్రేస్ అడుగులు కట్టెక్కాయి. గట్టిగా, స్పష్టంగా. వాటి పక్కన ఈడ్పు లేదు, కర్ర పోటు లేదు.

ఆవిడ ఫోను చేసింది. "నాన్న ఎక్కడే?"

"ఇక్కడే అమ్మా, నా పక్కనే. వేపపుల్ల నములుతూ నడుస్తున్నారు. ఏం?"

రూతమ్మ మళ్ళీ తెర వైపు చూసింది. ఒక్క మనిషి నడక. ఆయన నడక నిన్న తూము మీదే ఆగిపోయింది.

"ఏం లేదు. చెయ్యి పట్టుకో. ఇంటికొచ్చేదాకా వదలకు."