వేణ్ణీళ్లంటే భయం

అమ్మ నన్ను చెంపమీద కొట్టడం ఆ వారంలో అది మూడోసారి. చెంబు ఎగిరి గోడకు తగిలింది. అమ్మ సగం తడిసిన చీరతోనే వసారాలోకి, అక్కణ్నుంచి గేటుదాకా, మళ్లీ వెనక్కి, కాలు నిలవకుండా తిరుగుతోంది. చేతులు విదిలించుకుంటోంది, ఊదుకుంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది. స్కూల్లో నలభైమంది పిల్లల్ని కూర్చోబెడతాను, ఇంట్లో మా అమ్మ సువార్తమ్మ ఒక్కదాన్ని స్నానం పీటమీద కూర్చోబెట్టలేను.

అమ్మకు మతిమరుపు జబ్బు మొదలై మూడేళ్లు. తిండీ నిద్రా ఎలాగో నెట్టుకొస్తున్నాను. సాయంత్రం స్నానం దగ్గరే యుద్ధం. మా ఆయన కరుణాకర్ ఒంగోల్లో వృద్ధాశ్రమం చూసొచ్చాడు. "సోమవారం చేర్పిద్దాం. నీ మొహం ఒకసారి అద్దంలో చూసుకో" అన్నాడు. సరేనన్నాను. అన్నాక అన్నం సయించలేదు.

శనివారం సాయంత్రం హనుమాయమ్మ వచ్చింది. హైవే పక్కన కోల్డ్ స్టోరేజీలో అమ్మా ఆవిడా ఇరవై ఏళ్లు పక్కపక్కన కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీశారు. పొగలు కక్కే బకెట్ చూసి ఆగిపోయింది.

"వేణ్ణీళ్లు పెట్టావేందమ్మాయ్?"

"చలికి తట్టుకోలేదని, పిన్నీ."

"పొద్దుగూకేదాకా కాయల్లో చేసిన చేతులమీద వేణ్ణీళ్లు పడితే మంటకి ప్రాణం పోద్ది. మేమెవరం పోసుకునేవాళ్లం కాదు. చన్నీళ్లు, ఆపైన కొబ్బరినూనె. మీ అమ్మ ఇంకా కాయల్లోనే ఉంది."

నాకా సంగతి తెలియదు. ఎండాకాలం సెలవుల్లో కూడా అమ్మ నన్ను ఆ షెడ్డు గడప తొక్కనివ్వలేదు. ప్రేమ అనుకుని రోజూ ఆమె చేతులమీద నిప్పులు పోశాను.

వేణ్ణీళ్లు పారబోశాను. చన్నీళ్లు పోస్తే అమ్మ చెయ్యెత్తలేదు. నూనె సీసా తెచ్చేసరికి తనే లాక్కుని నా వేళ్లకు రాయడం మొదలుపెట్టింది.

"కొత్తగా వచ్చావా అమ్మా? మండుతున్నాయా? నాకూ ఒక కూతురుంది. దాన్ని మాత్రం ఈ పనికి తీసుకురాను. చదువుకుంటంది."

"చదువైపోయిందమ్మా. టీచరైంది."

రాస్తున్న చేతులు ఆగాయి. నా మొహంలోకి చూసింది.

"అయితే రేపట్నుంచి నేను రానని మేస్త్రీకి చెప్పు" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. చెబుతానన్నాను. సోమవారం ప్రయాణం లేదని మా ఆయనకీ చెప్పాను.