పైకి రుద్దిన చేతులు

తన చేతులే కూతురి కాళ్ళను పాడుచేశాయేమో. చిట్టి వాళ్ళమ్మకి అన్నిటికన్నా పెద్ద భయం అదే.

నాలుగేళ్ళ చిట్టి నడుస్తూ నడుస్తూ కాళ్ళు బిర్రబిగిసి బోర్లా పడేది. ఏడాదిగా తల్లి రోజూ నూనె రాసి, కాలివేళ్ళ నుంచి మోకాలి వైపు రుద్దుతోంది. ఆమెది లాండ్రీలో ఇస్త్రీ పని. దుప్పటి మీద పెట్టె ఒకే వైపు తోయాలి, లేకపోతే ముడతలు తిరిగొస్తాయి. ఆ అలవాటే పిల్ల కాళ్ళ దగ్గరా వచ్చింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కాగితం మీద పొడుగాటి గీత గీసింది. "ఇది నరం అనుకో. లోపల సన్నటి దారులుంటాయి. వాటి మీద మోటారు ప్రోటీన్లని, రెండు కాళ్ళవి, మూటలు మోసుకుంటూ అడుగులో అడుగేసుకుంటూ పైనుంచి కిందికి పోతాయి. మీ పాపలో అవి సరిగ్గా మొయ్యలేకపోతున్నాయి. మూటలు చివరిదాకా చేరట్లేదు."

ఎనిమిదిలోనే బడి మానేసిన ఆమె మనసులో ఒక్క మాటే నాటుకుంది: కిందికి. మరి ఏడాదిగా తను పైకి తోసింది! ఆనాటి నుంచి రోజుకు ఐదుసార్లు కిందికే రుద్దింది. మూటలు ఎగువకి ఎక్కాల్సొస్తుందని కాళ్ళు దిండు మీద పెట్టనివ్వలేదు. నెల తిరిగేసరికి పిల్ల పిక్కలు కమిలిపోయాయి.

ఆడపడుచు చూసి నెత్తి కొట్టుకుంది. "పిల్లనుకున్నావా, దుప్పటనుకున్నావా? పద, ఆ డాక్టరమ్మతోనే తిట్టిస్తా!"

డాక్టరమ్మ తిట్టలేదు. "చేత్తో తోస్తే అవి ముందుకూ పోవమ్మా, వెనక్కీ పోవు. అయినా పైకి మోసుకొచ్చే రకం వేరే ఉంది. నీ తప్పేం లేదు. ఇది పుట్టుకతో వచ్చింది."

ఆమె కళ్ళు తుడుచుకునేలోపే ఇంకో ప్రశ్న పడింది.

"ఒక్కోసారి ఇది కుటుంబంలో ఇంకొందరికీ ఉంటుంది. మీవాళ్ళలో ఇలా కాళ్ళు బిగిసి, మడమ ఆనక మునివేళ్ళ మీద నడిచేవాళ్ళున్నారా?"

"ఎవరూ లేరండీ," అంది ఆడపడుచు, ఠక్కున.

చిట్టి వాళ్ళమ్మ చటుక్కున వదిన వైపు చూసింది. ఆడపడుచు ఏడేళ్ళ కూతురు ఎప్పుడూ మునివేళ్ళ మీదే తిరుగుతుంది. బయటికొచ్చాక మెల్లగా అంది, "వదినా, మన పెద్దపాపని కూడా ఒకసారి..."

"నోర్ముయ్! నా కూతురికి హుషారెక్కువ, అంతే. నీ పీడ నా ఇంటికి అంటగట్టకు."

రెండు వారాలైంది. వదిన ఫోన్ ఎత్తదు, తలుపు తియ్యదు. పెద్దపాప నిన్న మెట్ల మీద పడిందని పక్కింటావిడ చెప్పింది. మునివేళ్ళ నడకంతా ఈ జబ్బే కానక్కర్లేదు, కానీ చూపించాలి కదా! ఆ ఇల్లు లాండ్రీ వెనక సందులో మూడోది, నీలం తలుపు. మీలో ఎవరైనా అటు వెళ్తే, ఆ పిల్లను నాలుగడుగులు వెయ్యమని అడగండి. మడమ నేలకు ఆనుతోందో లేదో ఒక్కసారి చూసి రండి.