పై కట్ట

శామీర్‌పేట దాటాక, ఊరి వెనక గుట్ట మీద దుర్గాబాయికి ఏటవాలు మెట్ట చెలక ఉంది. దానికి పైన ఉన్నది మరిది దేవేందర్ చెలక. గుట్ట దిగువన చదునులో ఉన్నది కూడా అతని వరి మడే. పై చెలక అంచున, వాలుకు అడ్డంగా రాతికట్ట. అది ఎవరి భూమిలో ఉన్నా, ఏటా తొలకరికి ముందు దాన్ని సర్దేది కింది చెలకవాళ్లే. నీళ్లు దిగి వచ్చేది వాళ్ల మీదికే కాబట్టి. ఆ పద్ధతిని అక్కడ ఎవరూ ఎన్నడూ కాదనలేదు.

భర్త గౌరయ్య పోయాక వచ్చిన మొదటి తొలకరి అది. దుర్గాబాయి ఒక్కతే గడ్డపార పట్టుకొని పైకెక్కింది. కట్ట లేదు. రాళ్లు పెకలించిన గుంతలు, ట్రాక్టర్ టైర్ల చారలు మిగిలాయి.

నేరుగా దేవేందర్ ఇంటికి పోయింది.

“కట్ట ఏదిరా?”

“కొంపల్లి విల్లాలకు పోయింది వదినె. ఆడ తోటకు గోడ కడుతరంట. పాకురు పట్టిన పాత రాళ్లే కావాల్నంట. మస్తు షోకు వాళ్లకు.”

“అవి మీ అన్న పేర్చిన రాళ్లు.”

“పేర్చిండు, కాదంటనా? నా పట్టాల ఉన్న రాయి నాది. గింత దానికి పరేషాన్ ఎందుకు?”

ఆమె గడ్డపార భుజానికెత్తుకొని వెనుదిరిగింది. ఆ పూట అతని మీద మాట ఖర్చు చేయబుద్ధి కాలేదు.

విత్తనం వేసిన వారంలోనే వాన దంచింది. అడ్డం లేని నీళ్లు ఉరికొచ్చి కందిని, జొన్నను, వాటి కింది మట్టిని ఊడ్చుకుపోయాయి. పెంట తట్టలు మోసి, ఆకు కుళ్లబెట్టి, మొగుడూపెళ్లాలు ఏళ్ల తరబడి చేసుకున్న మట్టి అది. తెల్లారేసరికి చెలకలో అడుగునున్న గులకరాళ్ల మొరం తేలింది. మట్టంతా దేవేందర్ మడిలో మేటవేసింది.

“మడికి బలమొచ్చింది వదినె,” అన్నాడు దేవేందర్ నవ్వుతూ. “ఈసారి ఎరువు కొనే పనే లేదు.” ఆ మేట మీదే నారు పోశాడు.

మొలక కనబడ్డ రోజు దుర్గాబాయి పార, తట్ట తీసుకొని మడిలోకి దిగింది.

“వదినె! ఏంది గిది? నారుమడి!”

“నా మట్టి తీస్కపోతున్న.”

“నా మడిల ఉన్నది నీదెట్లయితది?”

“నీ పట్టాల రాయి నీదన్నవు గద. గిది నా పట్టాల మట్టి. నీ మొలకలు ఏరుకో, అవి నాకొద్దు.”

ఒడ్డున నిలబడ్డ దేవేందర్ భార్య పద్మలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నువ్వెందుకే నవ్వుతున్నవ్?”

“ఏడ్వుమంటవా? అక్క తప్పేమన్నది?”

పార ఆగలేదు. పచ్చటి మొలకలు మట్టితోపాటు తట్టలో పడుతున్నాయి. దేవేందర్ జేబులోంచి సెల్‌ఫోన్ తీశాడు. రాళ్లు తోలిన ట్రాక్టరువాడితో కాసేపు గొంతు పెంచి, కాసేపు తగ్గించి మాట్లాడాడు.

“గోడ ఇంకా లేవలేదంట. రాళ్లు గేటు కాడనే ఉన్నయంట. రేపు తోలుకొస్తడు. ఇగ ఆపు వదినె.”

“రానీ. కట్ట లేచినంక ఆపుత.”

తడి మట్టి బరువుగా ఉంది. తట్ట తలకెత్తే మనిషి లేడు. మోకాలికి ఆనించి, నడుముకెత్తుకొని, ఆమె గుట్ట ఎక్కసాగింది.