రెండే రిమోట్లు

రిమోట్ నొక్కుతూనే ఉన్నాను. దాని మీద ఎర్ర దీపం వెలుగుతోంది, కారు షెడ్డు షట్టర్ మాత్రం కదలడం లేదు. సారపాకలో మా అత్తవారింటికి రాకపోకలన్నీ ఆ షెడ్డు గుండానే. పక్కనున్న చిన్న గేటుకు ఎప్పుడూ లోపలి నుంచి తాళమే.

దీపం వెలుగుతున్నా బ్యాటరీ తగ్గిపోయిందేమో అనుకుని ఆటోను వెనక్కి తిప్పించి, సెంటర్లో కొత్తది కొని వేసుకొచ్చాను. నా మనసు అంత మంచిది మరి.

నా భర్త నాగచైతన్య పోయాక, పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మ వచ్చి నన్ను సత్తుపల్లికి నిద్రకు తీసుకెళ్లింది. భర్త పోయినదాన్ని పుట్టింట్లో మూడు రాత్రులు నిద్ర చేయించి, కొత్త చీర పెట్టి పంపడం మావాళ్లలో ఆనవాయితీ. బయల్దేరేటప్పుడు మా అత్తయ్య ఆదెమ్మ నా జుట్టు సవరించి, "నిద్ర చేసి రా అమ్మాయ్" అంది. తిరిగొచ్చేటప్పుడు ఇంకెవరి గడపా తొక్కకూడదట, నేరుగా మెట్టినింట్లోనే కాలు పెట్టాలట. ఇప్పుడు షెడ్డు ముందు నిలబడ్డ నన్ను చూసి ఎదురింటావిడ తలుపు దగ్గరగా వేసుకుంది. పిలిచినా వెళ్లేదాన్ని కాదులే తల్లీ, అంత భయం దేనికి.

అత్తయ్య ఫోన్ ఎత్తలేదు. మామయ్య కూడా ఎత్తలేదు. లోపల టీవీ మోగుతోంది. చివరికి ఈ షట్టర్‌కు మోటారు బిగించిన కోటేష్‌కు చేశాను. ఇల్లందు దగ్గరి తండా అతనిది. బండి మీద ఊరూరూ తిరిగి షట్టర్లకు మోటార్లు పెడతాడు.

"కోటేష్, నేను సాయిప్రియని. రిమోట్ పనిచేయడం లేదు."

"అక్కా, మీ దగ్గర గూడ ఒకటి ఉన్నదా?"

"ఉండకేం. నువ్వే కదా ఇచ్చావు."

"నిన్న మీ మామగారు పిలిస్తే వచ్చిన. చైతన్యన్న రిమోట్ యాక్సిడెంటైనకాడ పోయిందంట గదా. ఎవనికన్న దొరుకుతదేమో, పాతవి తీసెయ్యమన్నడు. ఒక్కదాన్నే తీసుడు రాదక్కా. మోటారు డబ్బాల బటన్ ఒత్తి పట్టుకుంటే అన్నీ పోతయ్. మళ్ల ఒక్కోటి ఎక్కియ్యాలె. అందుకే ఉన్నయన్నీ తెమ్మన్న. రెండే తెచ్చిండ్రు."

"నా సంగతి చెప్పలేదా?"

"ఇంకేమన్న ఉన్నయా అని మళ్ల గూడ అడిగిన. ఇంకెవరున్నరు, గివే అన్నది మీ అత్తగారు." అతని గొంతు తగ్గిపోయింది. "నేనొచ్చి ఎక్కిస్తనక్కా. కానీ డబ్బా లోపలున్నది. లోపలోళ్లు తెరవాలె."

ఇంకెవరున్నారు. మూడు రాత్రులు నేను అమ్మ పక్కన పడుకుని, పాపం కొడుకు లేని ఇంట్లో అత్తయ్య ఎలా ఉందోనని ఏడ్చాను. ఇప్పుడు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

అప్పుడే మోటారు గుర్రుమంది. షట్టర్ మోకాలెత్తు లేచి ఆగింది. కింది సందులో అత్తయ్య పాదాలు కనిపించాయి. ఆ పాదమే నా పెద్ద సూట్‌కేసును బయటికి నెట్టింది.

"నీ బట్టలన్నీ సర్దాను అమ్మాయ్" అంది లోపలి నుంచే. "పిల్లా జెల్లా లేరు. వాడు లేని ఇంట్లో నీకేం పని? మీ అమ్మ దగ్గరే ఉండు. మీ నాన్నతో మామయ్యగారు మాట్లాడతారులే."

"లోపలికి రానివ్వండి అత్తయ్యా. కూర్చుని మాట్లాడుకుందాం."

"లోపలికెందుకమ్మా."

షట్టర్ దిగసాగింది. దాని అడుగున రబ్బరు పట్టీ ఉంది. దానికి ఏది తగిలినా షట్టర్ ఆగి, తిరిగి పైకి పోతుంది. అది ఉండి తీరాలని పట్టుబట్టింది చైతన్యే. మా కుక్క ఆ గుమ్మంలోనే పడుకునేది. జామాయిల్ కర్రల లోడు లారీ గుద్ది చైతన్య పోయిన రోజు నుంచి అది కూడా కనిపించలేదు.

నేను పుట్టింటి చీరతోనే గుమ్మానికి అడ్డంగా పడుకున్నాను. పట్టీ దిగి వచ్చి నా భుజానికి తగిలింది. ఆగింది. పైకి లేచింది. అత్తయ్య మళ్లీ నొక్కింది. మళ్లీ దిగింది, తగిలింది, లేచింది.

టీవీ ఆగింది. మామయ్య వెంకటరామారావు వచ్చి నా తల దగ్గర నిలబడ్డాడు.

"లేమ్మా సాయిప్రియా. రోడ్డు మీద జనం చూస్తున్నారు."

"చూడనివ్వండి మామయ్యా. నాలుగో నిద్ర ఇక్కడే చేస్తాను."

ఆయన వంగి నా మొహంలోకి చూశాడు. కొడుకు పోయినప్పటి నుంచి ఆయన కళ్లు ఎర్రగానే ఉంటున్నాయి. అత్తయ్య వైపు చేయి చాపి, రిమోట్ తీసుకున్నాడు. తెరుస్తాడనుకున్నాను.

షట్టర్ మళ్లీ నా మీదికి దిగింది.