ఏడో బిట్టు

కౌసల్యకు పొద్దున్నుంచీ తన మీద తనకే ఒళ్ళు మండిపోతోంది. సకల జనుల సమ్మెతో బస్సులన్నీ డిపోల్లో ఆగిపోయాయి. ఎల్బీనగర్ దుకాణంలో తాను నేసిన చీరలివ్వడానికి వచ్చిన తండ్రి సిద్ధిరాములు ఆమె కిరాయి గదిలోనే చిక్కుకుపోయాడు. ఊరికే కూర్చోలేని మనిషి. ఆమె పనిచేసే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ వాళ్ళ సైన్సు గైడు తీసి చదవసాగాడు. మొదటి పాఠమే విజ్ఞానశాస్త్రం, దాని చరిత్ర, శాఖలు. ఏడో బిట్టు దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

'కిందివాటిలో విజ్ఞానశాస్త్రానికి చెందనిది ఏది? భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, వృక్షశాస్త్రం, నూలు అద్దకం.' జవాబు, నాలుగు.

"గిది రాసినోడు ఎన్నడన్న నూలు ముట్టిండా బిడ్డా?" అన్నాడు సిద్ధిరాములు.

రెండేళ్ళ కిందట నాలుగో ఆప్షన్ తట్టక ఆ బిట్టు రాసి పడేసింది కౌసల్యే. ఎంత సిగ్గులేని పని! నూనె ఎంత, ఆముదం కాయల బూడిద ఎంత అని పాళ్ళు మార్చి మార్చి పోగులు నానబెట్టి, రంగేసి, ఉతికి, ఎండేసి చూసే మనిషి తన తండ్రి. రంగు దిగిన పోగునైనా పారేయడు. ఆ పాళ్ళు మళ్ళీ కలపకూడదని గుర్తుకు ముడేసి దాస్తాడు. ఆ కట్ట ఎక్కడికెళ్ళినా సంచిలోనే ఉంటుంది. సైన్సంటే ఊహించాలి, పరీక్షించాలి, తప్పయితే ఒప్పుకోవాలి అని అదే గైడు మొదటి పేజీలో గొప్పగా రాసిందీ తనే.

గైడు కొత్త ముద్రణ ఆ సాయంత్రమే ప్రెస్సుకు పోతుంది. కౌసల్య ఎండలో దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచింది.

"ఏడో బిట్టు తీసెయ్యాలె సార్" అంది యజమాని భానుమూర్తితో.

ఆయన నవ్వాడు. "ఉద్యమం వేడి మీకూ తగిలిందాండీ? అద్దకం చేతిపని. అది సైన్సెలా అవుతుంది? అయినా, రాసింది మీరే కదా!"

చెంప మీద కొట్టినట్టయింది. "నేనే రాసిన. తప్పు రాసిన. గందుకే తీసెయ్యమంటున్న."

"పేజీలన్నీ సెట్ చేసేశామండీ. ఇప్పుడు చెయ్యి పెట్టారంటే రేపట్నుంచి రావక్కర్లేదు."

కౌసల్య బల్ల మీది ప్రూఫు లాక్కుని ఆ పేజీ పర్రున చించేసింది. ఆయన ఇంకోటి తీయించుకుంటాడని తెలుసు. అయినా ఆగలేకపోయింది.

గదికి వచ్చి ఆ కాగితం తండ్రి ముందు పెట్టింది. "రాసింది నేనే నాయినా."

సిద్ధిరాములు ఆమె ముఖం చూడకుండానే సంచిలోంచి పోగుల కట్ట తీశాడు. కాగితాన్ని చిన్నగా మడిచి, రంగు దిగిన పోగుల మధ్య పెట్టి ముడేశాడు. అంత కోపంగా ఆయన ముడి బిగించడం కౌసల్య ఎన్నడూ చూడలేదు.