గాడి లేని గట్టు

నా చేతుల మీదుగా రెండు వందల పదకొండు కార్లకు ఇంజన్లు మార్చాను. ఒక్కటంటే ఒక్కటి మళ్ళీ నా షెడ్డు గుమ్మం తొక్కలేదు. చచ్చిన ఇంజను పక్కన నిలబడి నేను దగ్గితే చాలు, అది లేచి కూర్చుని "ఏమిటండీ పిలిచారు?" అని అడిగేది. కళ్ళు మూసుకుని చప్పుడు విని, బండి ఏ నట్టు దగ్గర ఏడుస్తోందో చెప్పేవాణ్ణి. పుల్లీలు ఒక వరుసలో ఉన్నాయో లేదో చూడడానికి మిగతా మెకానిక్కులు దారం లాగి పట్టుకునేవారు. నాకెందుకు దారం? నా కన్నే దారం.

నేను ఈ మాట నలుగురిలో అన్నప్పుడల్లా మా బావ తల ఊపేవాడు. "ఔనౌను, మావాడి కన్ను దారమే. సూది మాత్రం నోట్లో పెట్టుకున్నాడు."

బావంటే మా అక్క మొగుడు. ముప్ఫై నాలుగేళ్ళు అద్దె కారు నడిపాడు. ఆసుపత్రికి వెళ్ళే ముసలివాళ్ళనీ, నొప్పులు మొదలైన ఆడవాళ్ళనీ దింపడం ఆయన పని. బండికి ఒక్క గీత పడలేదు. ఇది నా గొప్పల్లాంటిది కాదు, నిజంగానే పడలేదు. వెనక సీట్లో నిండు గ్లాసు పట్టుకుని కూర్చున్నా నీళ్ళు తొణికేవి కావు.

ఆ కారు ఇంజను ఒకనాడు బిగుసుకుపోయింది. పాతసామాన్ల కొట్లో, వెనకభాగం నుజ్జయిన పెద్దకారు ఒకటి దొరికితే దాని ఇంజను ఊడదీసి తెచ్చాను. అదే కంపెనీది, ఒక సైజు పెద్దది. అత్తారింట్లో అల్లుడిలా దర్జాగా కూర్చుంది. చిక్కంతా ముందువైపు వచ్చింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఇంజను ముందు నాలుగైదు చక్రాలుంటాయి, వాటినే పుల్లీలంటాం. అన్నిటికీ కలిపి ఒకటే రబ్బరు బెల్టు. అది తిరిగితేనే బ్యాటరీకి చార్జింగు, ఇంజనుకి నీళ్ళు, స్టీరింగు తేలిగ్గా తిరగడానికి నూనె. బెల్టు లోపలి వైపు పొలంగట్లలా ఆరు గట్లుంటాయి, పుల్లీల మీద ఆరు గాడులుంటాయి. ఏ గట్టు ఆ గాడిలో పడాలి. కానీ స్టీరింగు పంపు పాత కారుదే వాడాల్సి వచ్చింది, గొట్టాలు దానికే కుదురుతాయి. దాని పుల్లీకి ఐదే గాడులు.

ఐదుకీ ఆరుకీ తేడా ఒకటని మా బడిలో మాస్టారు బెత్తంతో మరీ నేర్పాడు. తెలియక చేశానని చెప్పడానికి లేదు.

"సరైన పుల్లీ తెప్పించాలంటే నాలుగు రోజులు పడుతుంది బావా" అన్నాను.

"పట్టనీరా. నాకేం తొందర? నాలుగు రోజులు మీ అక్క తిట్లు తింటూ కూర్చుంటాను. ఒళ్ళు చేస్తుంది కూడా."

అక్కడితో అయిపోవాల్సింది. పక్క షెడ్డు వెల్డరు ముసుగు పైకెత్తి నవ్వాడు. "ఏం గురువుగారూ, మీక్కూడా నాలుగు రోజులా?"

అంతే. "రేపు పొద్దున్నే నీ గుమ్మం ముందుంటుంది బావా" అనేశాను.

పంపు వెనక రెండు వాషర్లు వేసి, ఒక కన్ను మూసి చూసి, బాగుందనుకున్నాను. ఐదు గట్లు ఐదు గాడుల్లో పడ్డాయి. ఆరోది అంచు బయట వేలాడింది. ఫుట్‌బోర్డు మీద ఒకడు వేలాడినంత మాత్రాన బస్సు ఆగుతుందా అనుకున్నాను.

మూడో రోజు బావ వచ్చాడు. "ఏరా బావమరిదీ, పొద్దున స్టార్టు చేస్తే కీచుమంటోంది."

"కొత్తచెప్పులు కిర్రుమనవా బావా? నాలుగడుగులు తొక్కితే అవే అణుగుతాయి."

బెల్టు మీద చెంబెడు నీళ్ళు చల్లాను. నోరు మూసుకుంది. చప్పుడు విని జబ్బు చెప్పేవాణ్ణన్నాను కదా. ఆ చప్పుడు ఏం చెప్తోందో నాకు అక్షరం పొల్లుపోకుండా వినిపించింది.

తొమ్మిదో రోజు, పట్టపగలు పదకొండింటికి, కొత్త కళ్ళజోడు తెచ్చుకుందామని అక్క ముందు సీట్లో కూర్చుంది. దిగుడు మలుపులో స్టీరింగు రాయిలా బిగుసుకుంది. బావ బలమంతా పెట్టి తిప్పేలోపే కారు ఇటుక గోడను కొట్టింది. ఆయనకేమీ కాలేదు. అక్కకు కుడిభుజం విరిగింది.

నేను చేరేసరికి అక్కను ఆసుపత్రి బండి ఎక్కిస్తున్నారు. బావ రెండు చేతులూ ముందుకు చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు.

"తిరగలేదురా. తిప్పుదామంటే చేతులు మాట వినలేదు."

బానెట్ ఎత్తాను. ఆరో గట్టు బెల్టు నుంచి చీలిపోయి, నా ఎత్తున నల్లటి దారమై పుల్లీకి చుట్టుకుని, బెల్టునంతా బయటికి లాగి పారేసింది. గాడి తప్పిందని మనుషుల గురించి అంటూంటాం. నేను కళ్ళారా చూశాను. ఆ దారాన్ని పీకి, చుట్ట చుట్టి, జేబులో వేసుకున్నాను.

"ఏమైందిరా?" అన్నాడు వెనక నుంచి.

"బెల్టు ఊడింది. గోడకి గుద్దినప్పుడు ఊడుంటుంది."

అక్కడ ఆగినా ఒక అబద్ధంతో పోయేది. "వయసు బావా, ఏం చేస్తాం" అని కూడా అన్నాను.

తర్వాత నాలుగు రోజులు ఆగి ఆరు గాడుల పుల్లీ తెప్పించాను. పంపు వెనక లేతు మీద కోయించిన రింగు వేశాను. దారం లాగి చూశాను. కారు తేనెటీగలా మోగింది. బావ తాళం మేకుకి తగిలించి, కారు జోలికే పోలేదు. మరిగే పాలగిన్నె దించాలంటే భయపడి, కట్టుతో ఉన్న అక్కనే పిలిచేవాడు. గడ్డం గీసుకోవడం మానేసి సెలూనుకి నడిచేవాడు. తోడు నేనే వెళ్ళేవాణ్ణి. ఆయన మెడ వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంటే, నేను పక్కన కూర్చుని పేపరు చదివేవాణ్ణి. ఏ వార్త ఎక్కింది? జేబులో దారం ఎక్కడ బయటపడుతుందోనని మాటిమాటికీ తడుముకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి అక్క వంటింటి కిటికీలోంచి చూపించింది. ఆగి ఉన్న కారులో కూర్చుని బావ స్టీరింగు కుడికీ ఎడమకీ తిప్పుతున్నాడు.

"రోజూ ఇంతేరా తమ్ముడూ. చేతులకి పరీక్ష పెట్టుకుంటున్నాడు. తనే ఫెయిలు చేసుకుంటున్నాడు. రేపు కారు కొనేవాళ్ళు వస్తారట. నువ్వైనా చెప్పు, నీ మాటంటే నమ్ముతాడు."

అది నిజం. నమ్మాడు గనకే అలా కూర్చున్నాడు.

వెళ్ళి ఆ రోజు అక్క కూర్చున్న సీట్లోనే కూర్చున్నాను. దారం తీసి ఆయన ముందు పెట్టాను.

"ఏమిటిది?"

"ఆరో గట్టు. నీ చేతులది కాదు బావా తప్పు. నాది."

ఐదు గాడులూ, వెల్డరు నవ్వూ, చెంబెడు నీళ్ళూ, అన్నీ చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

"అయితే నా చేతులు బాగానే ఉన్నాయి."

"ఉన్నాయి."

"వయసు కాదు."

"కాదు."

"ఎన్నాళ్ళుగా ఉంది నీ జేబులో?"

"నలభై రోజులుగా."

ఆయన దారం కేసి చూశాడు. "నలభై రోజులూ నీ ఎదురుగానే ఉన్నాను కదరా" అన్నాడు. తర్వాత "దిగు" అన్నాడు.

దిగాను. కారు స్టార్టు చేసి ఒక్కడే వీధిలోకి పోయాడు. సాయంత్రానికి తిరిగొచ్చి, నన్ను దాటుకుని వెళ్ళి, "రేపు వాళ్ళని రావద్దని చెప్పు" అన్నాడు అక్కతో.

అక్కే నాతో మాట్లాడింది. "నా ఎముక సంగతి వదిలెయ్. అదెలాగో అతుక్కుంటుంది. ఆయన గడ్డం పరాయివాడి చేతికిస్తుంటే పక్కన కూర్చుని పేపరు చదివావు చూడు, దానికి కట్టు ఎవడు కడతాడురా?"

బావ మళ్ళీ కారు నడుపుతున్నాడు. ప్రతినెలా మొదటి రోజు నా షెడ్డుకి తెచ్చి, పుల్లీల వరుస చూడడానికి జేబులోంచి నూలుదారం తీసి "పట్టుకో" అంటాడు. ఒక కొస నాది, రెండో కొస ఆయనది. వెల్డరుకి వినబడేలా గాడులు నా చేత లెక్కపెట్టిస్తాడు, ఒకటి నుంచి ఆరుదాకా. ఆ రోజుకి ఆయన నాతో మాట్లాడేది అంతే. అక్క చెయ్యి భుజం దాటి పైకి లేవదు. వంటింట్లో డబ్బాల అలమర మూరెడు కిందికి దించి బిగించాను.

రెండు వందల పదకొండు అన్నాను కదూ? నిజానికి ఏడు. వాటిలో బావది కాక, మరో మూడు తిరిగొచ్చాయి. ఆ అంకెలు అబద్ధాల లెక్కలోకి రావు, గొప్పలు గొప్పలే.

కథలో మాత్రం కల్పించింది ఒక్కటే. ఆ రబ్బరు దారం నా ఎత్తు లేదు. ఉంటే చొక్కా జేబులో పడుతుందా? అంత పొడుగు ఉందంటే, చూసి బెదిరిపోయి దాచాడులే అని మీరు సర్దుకుంటారని పెంచాను. అది జానెడు. కారులో బావ దాన్ని అరచేతి మీద పరిచి చూశాడు. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా సరిగ్గా సరిపోయింది.